పెద్ద పండక్కి పిల్లలతో ‘మేలు కుంచం’ చేయడం ఎలా

ముందు తాటాకు సంపాదించండి. మిగతావన్నీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండేవే. తాటాకు మాత్రం ఈ పూట అనుకుంటే ఈ పూట చేతికి రాదు. కోసి, ఉడికించి, ఆరబెట్టి, బరువు కింద పెట్టి తీసేసరికి పది రోజులు దాటిపోతాయి. అందుకే ఈ పని భోగి ముందురోజు కాదు, మార్గశిరం రాగానే మొదలవ్వాలి.

మేలు కుంచం అన్నది మా ఇంట్లో పిల్లలు పెట్టుకున్న పేరు. కుంచం అంటే గింజలు కొలిచే పాత్ర. ధాన్యం పోసిన కుంచంలో ఒక ఎండు కొమ్మ గుచ్చుతాం. చుట్టూ వరి ఎన్నుల జడలు కడతాం. కొమ్మకి చిన్న చిన్న తాటాకు ముక్కలు వేలాడదీస్తాం. ఆ ఏడాది తమకి మేలు చేసిన ఒక మనిషి పేరు, ఆ మనిషి చేసిన పని ఒక్కో ఆకు మీద పిల్లలు రాస్తారు. భోగి నుంచి కనుమ దాకా అది నడిమింట్లో, అందరం చుట్టూ కూచుని తినే చోట ఉంటుంది.

దీనికి మొదటి తలపు అమెరికాలో ఉన్న మా చెల్లెలి పిల్లల దగ్గర నుంచి వచ్చింది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. పిల్లలు కాగితంతో టర్కీ కోడి బొమ్మ చేసి, దాని ఒక్కో ఈక మీద తాము ఎవరికి రుణపడి ఉన్నారో రాసి, భోజనాల బల్ల మధ్యలో పెడతారు. ఆ ఫొటో చూసి మా పిల్లలూ కోడి చేస్తామన్నారు. నాకు మాత్రం గురువారం అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం. మార్గశిర లక్ష్మివారాలు ఎంత పెద్ద నోములో మీకు తెలిసిందే. మేముండేది పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి మా ఊరు అటు వైపు ఉంది, ఇప్పుడు గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. ఊరి అంచున మహేంద్రతనయ, ఆ పక్కన పాతపట్నం, అది ఆంధ్ర. వీధిలో మా కుడిచేతి ఇంటివాళ్లు ఒడియావాళ్లు. వాళ్లింట్లో అవే లక్ష్మివారాలు మాణబసా గురుబారాలు. కొత్త ధాన్యం కొలిచే పాత్రనే లక్ష్మిగా నిలిపి, వరి ఎన్నుల కుచ్చులు పెట్టి, వాకిలి నుంచి గాదె దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న అడుగులు వేస్తారు. కొలత పాత్ర, ఎన్నుల కుచ్చు, పిండి ముగ్గు. మనకి కావలసినవన్నీ వీధిలోనే ఉండగా కోడి ఈకలు ఎందుకు?

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒడియావాళ్లకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. అందుకని వాళ్ల మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే వస్తుంది. పక్కింట్లో మొదటి మాణబసా జరిగిన రోజే మీరు తాటాకు కోయించండి. అప్పటికి చేలల్లో కోతలు కూడా నడుస్తూ ఉంటాయి.

తాటాకు సంగతి

ముదురాకు వద్దు. మొదటి ఏడు మేం గట్టు మీద రాలిన ఆకు ఏరుకొచ్చి పని మొదలుపెట్టాం. గీత గీస్తే చాలు, ఆకు పెళపెళా విరిగిపోయింది. చెట్టు నడినెత్తిన ముడుచుకుని ఉండే లేత చిగురుని మొవ్వ అంటాం. దాని పక్కన విచ్చీ విచ్చనట్టు ఉండే ఆకు కావాలి. మొవ్వ మాత్రం కోయించకండి, అది చెట్టుకి ప్రాణం. పొలం గట్ల మీద చేతికందే ఎత్తులో ఉన్న పొట్టి తాటిచెట్లుంటే సరే, లేకపోతే చెట్లెక్కే అలవాటున్న మనిషినే అడగండి. ఒక్క ఆకు చాలు, ఇద్దరు ముగ్గురు పిల్లలకి కావలసినన్ని ముక్కలు వస్తాయి.

రెబ్బల్ని విడదీసి నడిమి ఈనె తీసేయండి. ఆ పని పెద్దవాళ్లు చెయ్యాలి, ఆకు అంచు వేలు కోసేస్తుంది. తర్వాత నాలుగంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు ముక్కలు కోయండి. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, రెండు చెంచాల పసుపు వేసి, అరగంట ఉడికించండి. తాళపత్ర గ్రంథాలు రాసిన రోజుల్లో కూడా ఆకుల్ని ఇలా పసుపునీళ్లలో ఉడికించేవారు. ఆకు మెత్తబడుతుంది, పురుగు తొందరగా పట్టదు.

తీశాక నీడలోనే ఆరబెట్టండి. రెండో ఏడు మేం తొందరపడి డాబా మీద ఎండలో పెట్టాం. మధ్యాహ్నానికి ఒక్కో ముక్కా చుట్టలా చుట్టుకుపోయింది, మళ్లీ విప్పబోతే చిట్లింది. నీడన రెండు మూడు రోజులు ఆరాక, ఇంకా కొంచెం మెత్తదనం ఉండగానే పాత పేపర్ల మధ్య పేర్చి, పైన సన్నికల్లు పెట్టి వారం రోజులు ముట్టుకోకండి. పిల్లలు రోజూ తీసి చూస్తామంటారు. సన్నికల్లు వాళ్లకి కదలదు, అదే మంచిది.

వారం తర్వాత ప్రతి ముక్కకీ ఒక చివర ఆఫీసు ఫైళ్లకి వాడే పంచ్‌తో కన్నం పెట్టండి.

ఎవరి పేరు రాయాలి

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకోవలసింది ఇక్కడే. ఆకులు బరువు కింద ఉన్న వారమూ ఈ మాటలకే వాడండి.

పిల్లల్ని కూచోబెట్టి “ఎవరికి థాంక్స్ చెప్తావు?” అని అడిగితే అమ్మకి, నాన్నకి, టీచరుకి, దేవుడికి అంటారు. బడిలో ప్రార్థన చెప్పినట్టు గడగడా చెప్పేసి లేచిపోతారు. ఆ ప్రశ్న వద్దు. అసలు మన ఇళ్లలో ఆ మాట వాడుకలోనే లేదు కదా. కృతజ్ఞతలు అనేది సభల్లో మాట. అన్నం పెట్టిన అమ్మకి ధన్యవాదాలు చెప్తే ఆవిడ ‘ఏమైందిరా నీకు’ అంటుంది. మనవాళ్లు మేలు చేసిన మనిషిని తలుచుకునే తీరు వేరు. ‘ఆ రోజు ఆయన లేకపోతే ఏమైపోదుమో’ అంటారు, ‘చల్లగా ఉండాలి’ అంటారు, ‘ఆ చేతి అన్నం తిన్నాను’ అంటారు. అందులో మనిషి ఉంటాడు, చేసిన పని ఉంటుంది. పిల్లలకి నేర్పవలసింది అది.

కాబట్టి ఇలా అడగండి. ఈ ఏడు నువ్వు ఏడ్చినప్పుడు ఎవరు వచ్చారు? నీ వస్తువు పోతే వెతికిచ్చినది ఎవరు? నీకు రానిది ఎవరు ఓపిగ్గా చూపించారు? నువ్వు పడుకున్నాక కూడా మేలుకుని పని చేసేది ఎవరు? ఇక పళ్లెంలో అన్నం ముందు పెట్టుకుని, ఇది నీ దగ్గరికి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టించండి. నాటినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, కోసినవాళ్లు, నూర్చినవాళ్లు, బస్తా మోసిన కళాసీ, మిల్లులో పని చేసేవాళ్లు, కొట్టు అతను, వండిన మామ్మ. రెండు చేతుల వేళ్లు సరిపోవు.

ఒక ఆకుకి ఒక మనిషి, ఒక పని. ఈ నియమం సడలించకండి. ‘అమ్మకి, అన్నిటికీ’ అని రాస్తానంటే ఒప్పుకోకండి. అమ్మ ఏం చేసింది, ఎప్పుడు చేసింది అని అడగండి. మా పెద్దమ్మాయి ఆకు ఒకటి చెప్తాను. ఆషాఢంలో ఒకరోజు బడి విడిచేవేళకి కుండపోత. నీళ్లు నిలిచిపోయి ఆటోలన్నీ ముందే వెళ్లిపోయాయి. ఒక్క ఆటో మాత్రం గేటు దగ్గరే ఉంది. అతను ఊళ్లో చాలామంది పిల్లల్ని దింపే మనిషి, పిల్లలందరికీ మామయ్యే. వేరే బేరాలు వదులుకుని, ఒళ్లో తన చొక్కా మడిచి పొడిగా ఉంచుకుని కూచున్నాడట. పిల్ల రాగానే తల తుడుచుకోమని ఇచ్చాడట. ఇవన్నీ మాకు ఆరోజు చెప్పలేదు. ఆకు కోసం అడిగినప్పుడు, ఆరు నెలల తర్వాత చెప్పింది. ఆకు మీద ఇలా రాసింది: ‘ఆటో మామయ్య, వాన రోజు చొక్కా ఇచ్చాడు.’

ఆ వాక్యాన్ని దిద్దకండి. మామయ్యగారు అని మార్చకండి, తుడుచుకొనుటకు అని చేర్చకండి. పిల్లలు నోటితో ఎలా అన్నారో అలాగే ఆకు మీదికి రావాలి. నేనీ మాట మా ఊరి మీద అభిమానంతో కూడా అంటున్నాను. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు మాస్టరుగా పని చేసింది పర్లాకిమిడిలోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన తిరిగిన వీధుల్లో పుట్టిన పిల్లలు తమ మాట తాము రాసుకోవడానికి జంకకూడదు.

రెండు వైపులా రాయించండి

సరిహద్దుకి ఇవతల ఉన్న తెలుగు ఇళ్లన్నిటిలో ఉండే చిక్కు ఒకటుంది. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు రాయడం రాదు. మహారాష్ట్ర వైపు సిరొంచలో ఉన్న మా బంధువుల ఇంట్లోనూ ఇంతే, అక్కడ ఒడియా బదులు మరాఠీ. మామ్మ తెలుగు తప్ప మరొకటి చదవలేదు. అంటే మనవరాలు మామ్మ గురించి రాసినది మామ్మకి చదవరాదు.

అందుకని ఆకుకి ఒక వైపు పిల్లకి వచ్చిన లిపిలో, వచ్చిన భాషలో రాయనివ్వండి. తర్వాత పిల్ల పక్కన కూచుని, అదే మాట తెలుగులో చెప్పమని, రెండో వైపు మీరు సన్నగా పెన్సిలుతో రాయండి. ఆ పెన్సిలు గీత మీద పిల్ల దిద్దుకుంటుంది. ఏడాదికి నాలుగైదు ఆకులంటే నాలుగైదు వాక్యాలు. బలవంతం ఏమీ లేదు. ‘ట’ దగ్గర తప్పినా, ‘య’ తలకిందులైనా ఉండనివ్వండి.

రాయడానికి ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి దబ్బనం ఇవ్వొచ్చు. పిడి దగ్గర గుడ్డ దళసరిగా చుట్టి దారంతో బిగించండి, లేకపోతే అరచేతిలో గుచ్చుకుంటుంది. ఆకుని పీట మీద పెట్టి, ఎడమచేతి వేళ్లు గీతకి ఎదురుగా కాకుండా వెనక పట్టుకోవాలి. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. లోతుగా చెక్కక్కర్లేదు, పై పొర మీద గీత పడితే చాలు. ముందు ఒక పాడైన ముక్క మీద తమ పేరు రాయించండి.

అప్పుడొక చిత్రం జరుగుతుంది. పిల్లలు తెలుగు, ఒడియా అక్షరాలు రాస్తే దబ్బనం సాఫీగా తిరుగుతుంది. అదే ఇంగ్లీషు పెద్ద ‘ఈ’ రాయబోతే, అడ్డగీత ఆకు నార వెంట పడి ఆకు చీలుతుంది. ఈ రెండు లిపులూ ఇంత గుండ్రంగా ఉండడానికి తాటాకే కారణమని చెప్తారు. హిందీ అక్షరాలకి ఉన్న తలకట్టు గీత ఒడియాలో పైన గొడుగులా వంగింది. మా చిన్నవాడు మూడు ముక్కలు చీల్చుకుని, “అందుకా మన అక్షరాలన్నీ జిలేబీల్లా ఉంటాయి!” అన్నాడు. మీరు ముందే చెప్పేయకండి. చీలనివ్వండి, చేతికి తెలియాలి.

చెక్కిన అక్షరాలు మొదట సరిగ్గా కనిపించవు. ఆముదం దీపం మీద పట్టిన మసికి ఒక చుక్క నూనె కలిపి, వేలితో ఆకంతా రుద్దండి. ఆకు పూర్తిగా నల్లగా అయిపోతే పిల్లలు పాడైపోయిందని బెంగపడతారు. పొడి నూలుగుడ్డతో గట్టిగా తుడిస్తే పసుపు ఆకు మీద నల్లటి అక్షరం తేలుతుంది. చేతులు మాత్రం రెండు రోజులు నల్లగానే ఉంటాయి, పాత బట్టలు వేయండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి దబ్బనం వద్దు, స్కెచ్ పెన్ను చాలు. అక్షరాలు రానివాళ్లు బొమ్మ వేస్తారు. పాలు పోసే అతనికి సైకిలు బొమ్మ వేస్తే ఆయనకి చదవక్కర్లేకుండానే తెలుస్తుంది.

బొమ్మల దగ్గర ఒక మాట. మా జిల్లాలో సవరల గోడబొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. పిల్లలు వాటిని చూసి వేస్తామంటారు. అవి సవరలు తమ దేవతలకీ పెద్దలకీ మొక్కుకుని గోడ మీద నిలిపే బొమ్మలు. వాటిని మనం అలంకారానికి వాడుకోవద్దు. పిల్లలకి ఆ మాట చెప్పండి, వాళ్లకి వాళ్ల బొమ్మలే చాలు.

ఎన్నుల జడ

ఇప్పుడు ఎక్కువ చోట్ల కోత మిషనే. మిషను కోసిన చేలో గడ్డి నలిగిపోతుంది, ఎన్ను దొరకదు. తెలిసిన రైతుతో ముందే చెప్పి, మడి మూలన నాలుగు దుబ్బులు వదిలిపెట్టమనండి. వీలైతే పిల్లల్నే తీసుకెళ్లండి. కొడవలి పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ఎన్నులు పట్టుకోవడం పిల్లల పని. మోచేతి పొడవున కాడ ఉంచి కోయాలి. తెచ్చి, తలకిందులుగా నీడలో వేలాడదీయండి.

అల్లే ముందు కాడల్ని మాత్రం అరగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఎన్నులు తడవకూడదు, బూజు పడతాయి. తొమ్మిది కాడలు తీసుకుని, ఎన్నులకి కాస్త కింద దారంతో కట్టి, మూడేసి చొప్పున మూడు పాయలు చేసి జడలా అల్లుకుపోవడమే. జడ వేసుకోవడం వచ్చిన పిల్లకి నేర్పక్కర్లేదు. జానెడు అల్లాక ఒంచి, కొసని మొదట్లో కట్టేస్తే చెవి పోగులా గుండ్రంగా, కింద ఎన్నులు వేలాడుతూ ఉంటుంది. ఇలాంటివి ఆరు చాలు.

అన్నీ కూర్చడం

పీటకి జేగురు పూసి ఆరనివ్వండి. ఒక తవ్వెడు బియ్యం మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, చిక్కటి మజ్జిగలా పలచన చేయండి. చూపుడువేలికి చిన్న గుడ్డపేలిక చుట్టుకుని, పిండిలో ముంచి పీట మీద తీగలు, ఎన్నులు, చిన్న పాదాలు వేయాలి. ఇది ఒడియావాళ్ల ఝోటి. మన పొడి ముగ్గులా చెరిగిపోదు, పండగ మూడు రోజులూ ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. పక్కింటి పిల్లల్ని పిలవండి, వాళ్లకి ఇది చేయి తిరిగిన పని.

కుంచం లేకపోతే అడ్డ, మానిక, మట్టి ముంత ఏదైనా సరే. అడుగున మూడో వంతు ఇసుక పోసి, గుడ్డ పరిచి, ఆ పైన కొత్త ధాన్యం పోయండి. ఇసుక లేకపోతే కొమ్మ బరువుకి కుంచం ఒరిగిపోతుంది. కొమ్మకి జామ బాగుంటుంది, చిన్న రెమ్మలు ఎక్కువ, ముళ్లుండవు. ఎత్తు జానెడున్నర దాటనివ్వకండి. కింద కూచుని తినేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం కనపడాలి కదా. ఎన్నుల జడల్ని కుంచం చుట్టూ జనపనారతో కట్టి, ఆకుల్ని రెండు వైపులా తిరిగేలా వదులుగా వేలాడదీయండి. దీపం, అగరొత్తులు దీని దగ్గర పెట్టొద్దు, అంతా ఎండుగడ్డే. రాత్రి ఎలకలు వస్తాయి, పడుకునేముందు పెద్ద గంప బోర్లించి పైన రాయి పెట్టండి.

చదవడం

భోగి నాడు చదవకండి, అందరూ హడావిడిలో ఉంటారు. పెద్ద పండగ నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, గుణుపురం రైలుకి దిగిన చుట్టాలు కూడా కుదుటపడ్డాక, ఒక్కో పిల్లా ఒక్కో ఆకు తిప్పి చదవాలి. ముందు తాము రాసిన వైపు, తర్వాత తెలుగు వైపు. ఎవరి ఆకు ఉందో ఆ మనిషి ఇంట్లోవాళ్లైతే అక్కడే వింటారు. బయటివాళ్లైతే కనుమ నాడు పిలవండి. పశువులకి దండం పెట్టుకునే రోజు, మనుషుల్నీ పిలవడానికి అంతకన్నా మంచి రోజు లేదు. ఆటో మామయ్య వచ్చి, గారెలు తిని, ఆకు రెండు వైపులా తిప్పి చూశాడు. “ఆ చొక్కా ఇంకా ఉందమ్మా” అన్నాడు.

పండగయ్యాక

ఎన్నుల జడలు వీధి గుమ్మానికి కట్టేయండి, పిచ్చుకలు వస్తాయి. మాకు శివరాత్రి దాకా వచ్చాయి. ధాన్యం గాదెలోకో కోళ్లకో, కొమ్మ పొయ్యిలోకి.

ఆకులు మాత్రం పారేయకండి. కన్నంలోంచి నూలుతాడు ఎక్కించి, పైనా కిందా ఒక్కో చెక్కముక్క పెట్టి, పాత తాళపత్ర గ్రంథంలా కట్టి ఉంచండి. ఏటా శరదృతువులో ఎండ కాసినప్పుడు విప్పి, గుడ్డకి రెండు చుక్కల నిమ్మగడ్డి నూనె అద్ది తుడవండి, ఆకు పెళుసెక్కదు, పురుగు రాదు. కొత్త ఏడాది ఆకుల్ని పై నుంచి ఎక్కిస్తూ పోవాలి. మా కట్టలో ఇప్పుడు నాలుగేళ్లవి ఉన్నాయి. అడుగున ఉన్నవాటికి తెలుగు వైపు నా పెన్సిలు గీత ఉంటుంది. పైన ఉన్న ఐదింటికి లేదు.